పసిపిల్లల కోసం కొన్న పల్స్ ఆక్సిమీటరు: వాడకంపై సమీక్ష

ఏడాది నిండని పాప, మూడేళ్లు దాటిన బాబు ఉన్న ఇంట్లో జలుబు, దగ్గు ఒకరిని వదిలి మరొకరిని పట్టుకుంటూనే ఉంటాయి. అందుకే రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని కొలిచే, పసిపిల్లలకు ప్రత్యేకంగా తయారుచేసిన పల్స్ ఆక్సిమీటరు ఒకటి కొని, కొంతకాలంగా వాడి చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇది పెద్దవాళ్లు వేలికి తగిలించుకునే చిన్న క్లిప్పు కాదు. అరచేతిలో ఇమిడే పరికరం ఒకటి, దానికి తీగతో కలిపిన మెత్తని పట్టీ సెన్సరు ఒకటి ఉండే రకం. ఈ తరహావి చాలా సంస్థలు అమ్ముతున్నాయి. నేను చెప్పదలచుకున్నది ఫలానా సంస్థ గురించి కాదు కాబట్టి పేరు ప్రస్తావించడం లేదు. పసిపిల్లల న్యుమోనియా విషయంలో ఇలాంటి పరికరం ఇంట్లో ఉంటే ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడ ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పరికరం నమ్మదగినదే, సరిగ్గా వాడితే బిడ్డను సకాలంలో ఆసుపత్రికి చేర్చడానికి తోడ్పడేదే. అయితే అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించినట్టు ఇది న్యుమోనియా నుంచి పిల్లలకు రక్షణ కల్పించదు. జబ్బు రాకుండా ఆపడం దీని పని కాదు. జబ్బు వచ్చాక రక్తంలో ఆక్సిజన్ తగ్గిందా, తగ్గితే ఎంత తగ్గింది అన్న ఒక్క ప్రశ్నకు మాత్రమే ఇది జవాబిస్తుంది. ఆ ప్రశ్న వేయాల్సిన వేళ వచ్చిందని మనకు తెలిపేది బిడ్డ ఛాతీ కదలిక, ఊపిరి వేగం. వాటిని చూడటం తెలియకుండా ఈ పరికరాన్ని మాత్రమే నమ్ముకుంటే మేలు కంటే కీడే ఎక్కువ జరగవచ్చు.

దీనిని ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో న్యుమోనియా 7,40,180 మంది అయిదేళ్లలోపు పిల్లల ప్రాణాలు తీసింది. ఆ వయసు పిల్లల మరణాలన్నింటిలో అది 14 శాతం. వీరిలో చాలామంది విషయంలో జబ్బును ఆలస్యంగా గుర్తించడమో, గుర్తించినా వైద్యం అందేచోటికి చేర్చలేకపోవడమో జరుగుతుంది. బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియాకు వైద్యం అరుదైనదేమీ కాదు. పిల్లల కోసం తయారైన, నీళ్లలో ఇట్టే కరిగే అమాక్సిసిలిన్ మాత్రలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి మందుగా సూచిస్తుంది. మందు ఉన్న జబ్బుకు బిడ్డను పోగొట్టుకోవడం కంటే దారుణం మరొకటి లేదు. కాబట్టి గుర్తించడంలో సాయపడే ఏ వస్తువునైనా, అది నిజంగా ఎంత సాయపడుతుందన్న లెక్కతోనే తూచాలి.

ముందు పరికరం ఎలా పనిచేస్తుందో చూద్దాం, ఎందుకంటే దాని బలమూ బలహీనతా రెండూ అందులోనే ఉన్నాయి. సెన్సరులో ఒకవైపు రెండు చిన్న దీపాలు ఉంటాయి. ఒకటి దాదాపు 660 నానోమీటర్ల ఎర్రని కాంతిని, రెండోది దాదాపు 940 నానోమీటర్ల పరారుణ కాంతిని పంపుతాయి. ఆక్సిజన్‌ను మోస్తున్న హీమోగ్లోబిన్, మోయని హీమోగ్లోబిన్ ఈ రెండు కాంతులను వేర్వేరు మోతాదుల్లో పీల్చుకుంటాయి. అవతలివైపు చేరిన కాంతిని కొలిచి, అందులో నాడితో పాటు కొట్టుకునే భాగాన్ని మాత్రమే వేరు చేసి, ధమని రక్తంలో ఎంత శాతం హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో నిండి ఉందో పరికరం లెక్క కడుతుంది. ఈ ఆలోచనను 1970లలో జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి ముందుకు తెచ్చారు. ఆయన 2020లో కన్నుమూశారు. సూది గుచ్చకుండా, రక్తం తీయకుండా ఆక్సిజన్‌ను కొలిచే ఈ పద్ధతి లేని ఆపరేషన్ గదిని నేడు ఊహించలేము.

నాడితో పాటు కొట్టుకునే భాగాన్ని వేరు చేయడం అన్నచోటే పసిపిల్లల విషయంలో చిక్కు వస్తుంది. పెద్దవాళ్ల క్లిప్పును నెలల బిడ్డ వేలికి పెడితే వేలు అందులో వదులుగా తేలుతుంది, కాంతి వేలి పక్కనుంచి జారిపోతుంది, తెర మీద ఏదో ఒక సంఖ్య మాత్రం కనబడుతుంది. ఆ సంఖ్యకు విలువ లేదు. నేను కొన్న పరికరంలో పట్టీ సెన్సరు ఉండటం వల్ల ఈ బెడద తప్పింది. పాపకు పాదం వెలుపలి అంచు చుట్టూ, బాబుకు కాలి బొటనవేలి చుట్టూ పట్టీ చుడతాను. దీపం, దాని ఎదురుగా కాంతిని అందుకునే భాగం సరిగ్గా ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండాలి. పట్టీ జారకుండా నిలవాలి కానీ చర్మం తెల్లబడేంత బిగుతు కూడదు. బిగిస్తే రక్తప్రసరణ తగ్గి కొలతే తప్పుతుంది. పట్టీ మీద ఈ రెండు స్థానాలకు గుర్తులు వేసి ఉండటం తయారీదారు చేసిన మంచి పని.

పాదాలు చల్లగా ఉంటే తెర మీద గీతలు మాత్రమే కనిపిస్తాయి. చేతులతో పట్టుకుని కాసేపు వెచ్చబరచి, లేదా మేజోళ్లు తొడిగి కొంతసేపు ఆగి మళ్లీ పెడితే కొలత వస్తుంది. బిడ్డ ఏడుస్తున్నా, కాళ్లు తన్నుకుంటున్నా సంఖ్య 80లకు పడిపోయి, మరుక్షణం 97కు ఎగబాకి, చూసేవారి గుండె ఆగినంత పని చేస్తుంది. ఇక్కడ ఓపిక ముఖ్యం. తెర మీద నాడి తరంగం సమంగా, ఒకే ఎత్తులో కదులుతూ, నాడి సంఖ్య నిలకడగా ఉన్నప్పుడు, కనీసం అర నిమిషం పాటు మారకుండా నిలిచిన ఆక్సిజన్ సంఖ్యనే లెక్కలోకి తీసుకోవాలి. తరంగం చూపని, సంఖ్య మాత్రమే చూపే పరికరాలు మార్కెట్లో ఉన్నాయి. పసిపిల్లల కోసం వాటిని కొనవద్దని గట్టిగా చెబుతాను. తరంగం లేనిదే ఆ సంఖ్య బిడ్డ రక్తానిదో, కాలి కదలికదో తేల్చుకునే మార్గం లేదు. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు లేదా ఒళ్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు కొలవడం అన్నింటికంటే మేలు. తీవ్రమైన ఎండ గానీ, గట్టి దీపం వెలుతురు గానీ సెన్సరు మీద పడుతుంటే గుడ్డ కప్పాలి.

కొలత ఖచ్చితత్వం గురించి. బాబుకు దగ్గు ఎక్కువై వైద్యుల దగ్గరికి తీసుకెళ్లినప్పుడు అక్కడి పరికరంతో పాటు నాదీ పెట్టి చూడమని అడిగాను, ఆయన కాదనలేదు. రెండింటి మధ్య తేడా కొద్దిగానే ఉంది. ఇలాంటి పరికరాల కొలత అసలు విలువకు రెండు మూడు శాతం అటూ ఇటూ ఉండవచ్చు. అంటే తెర మీద 93 కనిపిస్తే అసలు విలువ 91 కావచ్చు, 95 కావచ్చు. ఒక్క సంఖ్యను పట్టుకుని ఊరట పడటమూ, బెంబేలెత్తడమూ రెండూ సరికావు. గంట వ్యవధిలో ఆ సంఖ్య ఎటు పోతోంది, బిడ్డ తీరు ఎలా ఉంది అన్నవే ఎక్కువ విషయం చెబుతాయి.

చర్మం రంగు విషయం మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి, దీనిని వాడుక పుస్తకంలో ఎక్కడా రాయలేదు. నల్లని చర్మం ఉన్నవారిలో ఈ పరికరాలు అసలు ఉన్నదానికంటే ఎక్కువ ఆక్సిజన్ ఉన్నట్టు చూపే ప్రమాదం ఉంది. 2020 చివర్లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, పరికరం పట్టుకోలేకపోయిన ఆక్సిజన్ లోటు తెల్లజాతి రోగులలో కంటే నల్లజాతి రోగులలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆ తర్వాత 2021 ఫిబ్రవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ పరికరాల పరిమితుల గురించి ప్రజలను హెచ్చరించింది. చామనఛాయ నుంచి నలుపు వరకు ఉన్న పిల్లల తల్లిదండ్రులు 94ను చూసి నిశ్చింతగా ఉండటానికి ముందు దీనిని గుర్తుంచుకోవాలి. ఇంత ముఖ్యమైన సంగతి పుస్తకంలో ఒక్క వాక్యంగానైనా లేకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఊపిరితిత్తుల్లో చీము, నీరు చేరి గాలి తిత్తులు మూసుకుపోతున్నప్పుడు బిడ్డ శరీరం చేసే మొదటి పని ఊపిరిని వేగం చేయడం. ఒక్కో శ్వాసలో తగ్గిన గాలిని ఎక్కువ శ్వాసలతో భర్తీ చేసుకుంటుంది. అలా భర్తీ జరుగుతున్నంతసేపూ రక్తంలో ఆక్సిజన్ శాతం బాగానే ఉంటుంది, తెర మీద 96, 97 కనిపిస్తూనే ఉంటాయి. పైగా హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌ను గట్టిగా పట్టి ఉంచే గుణం ఉంది. రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 మిల్లీమీటర్ల (పాదరస మట్టం) నుంచి 60కి పడిపోయినా పరికరం చూపే శాతం 97, 98 నుంచి 90 దగ్గరికి మాత్రమే దిగుతుంది. అక్కడి నుంచి మాత్రం వాలు నిట్టనిలువు. పీడనం కొంచెం తగ్గినా శాతం వేగంగా కిందికి జారుతుంది. అంటే ఈ పరికరం ప్రమాదాన్ని చూపే సమయానికి బిడ్డ శరీరం అప్పటికే చాలాసేపు పెనుగులాడి అలసిపోయి ఉంటుంది. ఆ పెనుగులాట ఏ తెర మీదా కనిపించదు, ఛాతీ మీద కనిపిస్తుంది.

కాబట్టి దగ్గుతో, ఆయాసంతో ఉన్న బిడ్డ విషయంలో నేను ముందు చేసేది ఊపిరి లెక్కపెట్టడం. దానికి సెకన్ల ముల్లు ఉన్న గడియారం చాలు. బిడ్డ ప్రశాంతంగా ఉండాలి, ఏడుస్తూ గానీ పాలు తాగుతూ గానీ ఉండకూడదు. చొక్కా పైకి ఎత్తి, పొట్ట, ఛాతీ కలిసే చోట చూపు నిలిపి, పైకి లేచిన ప్రతిసారీ ఒకటిగా లెక్కిస్తూ పూర్తి నిమిషం చూడాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం పసిబిడ్డల విషయంలో పనికిరాదు. చంటిబిడ్డలు కాసేపు గబగబా పీల్చి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ పీల్చడం మామూలే. తక్కువ వ్యవధిలో లెక్కిస్తే ఆ ఎగుడుదిగుళ్లు మొత్తం లెక్కను తారుమారు చేస్తాయి. జ్వరం కూడా ఊపిరిని వేగం చేస్తుంది కాబట్టి జ్వరం తగ్గాక మరోసారి లెక్కపెట్టుకోవాలి. అయితే ఆ పేరుతో ఆలస్యం చేయకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన హద్దులు ఇవి: రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి అయిదేళ్లలోపు బిడ్డకు 40 లేదా అంతకు మించి ఉంటే అది వేగమైన ఊపిరి. రెండు నెలలలోపు బిడ్డ విషయంలో 60 గానీ అంతకు మించి గానీ ఉంటే వెంటనే మళ్లీ ఒకసారి లెక్కించి, రెండోసారీ అంతే ఉంటే ఇక ఆగకూడదు. ఆ వయసులో జబ్బు గంటల్లో ముదురుతుంది. పరికరం 97 చూపుతున్నా సరే, ఊపిరి ఈ హద్దులు దాటితే బిడ్డను వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. నేను ఈ సమీక్ష రాయడానికి ప్రధాన కారణం ఈ ఒక్క వాక్యమే.

రెండో గుర్తు డొక్కలు ఎగరేయడం. బిడ్డ గాలి లోపలికి పీల్చినప్పుడు ఛాతీ కింది భాగం పైకి లేవాల్సింది పోయి లోపలికి గుంజుకుపోతుంది. చిన్నపిల్లల పక్కటెముకలు ఇంకా మెత్తగా, దాదాపు అడ్డంగా ఉంటాయి. గట్టిపడిన ఊపిరితిత్తిలోకి గాలిని లాగడానికి కింది నుంచి ఉదర వితానం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండర పొర) బలంగా గుంజినప్పుడు ఆ మెత్తని ఎముకలు లోపలికి వంగుతాయి. పక్కటెముకల మధ్య చర్మం మాత్రమే కొంచెం లోపలికి పోవడం వేరు, ఛాతీ కింది అంచంతా ఎముకలతో సహా లోపలికి పోవడం వేరు. రెండోది ప్రతి శ్వాసలోనూ, బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా కనిపిస్తే అది న్యుమోనియా గుర్తు. పిల్లికూతలు వినిపిస్తే అవి ఉబ్బసం వల్లనో, వైరస్ వల్ల చిన్న శ్వాసనాళాలు వాచడం వల్లనో కావచ్చు, వాటి వైద్యం వేరుగా ఉంటుంది, కాబట్టి ఏ శబ్దం వస్తోందో వైద్యులకు చెప్పగలగాలి. బిడ్డ పాలు తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కుకుంటున్నా, ఫిట్స్ వచ్చినా, లేపినా సరిగా లేవకుండా మగతగా ఉన్నా, ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా గాలి పీల్చేటప్పుడు గొంతులో గరగరమన్న కూత వస్తున్నా లెక్కలూ కొలతలూ పక్కన పెట్టి పరుగెత్తాలి. అలాంటి బిడ్డ కాలికి పట్టీ చుట్టి తరంగం నిలకడగా వచ్చేదాకా కూర్చోవడం అమూల్యమైన నిమిషాలను పోగొట్టుకోవడమే.

మరి ఈ పరికరం ఎందుకు అన్న ప్రశ్న రావచ్చు. ఊపిరి వేగంగా ఉందని తెలిశాక, ఎంత తొందరపడాలో చెప్పగలిగేది ఇదే. పెదవులు, నాలుక నీలంగా మారడం బాగా ఆలస్యంగా కనిపించే గుర్తు. రక్తహీనత ఉన్న పిల్లల్లో ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గినా నీలం రంగు కనిపించకపోవచ్చు. అనుభవం ఉన్న వైద్యులు కూడా కంటితో చూసి ఆక్సిజన్ లోటును ప్రతిసారీ పట్టుకోలేరు. ఆ ఖాళీని పూరించడంలో ఈ పరికరానికి సాటి లేదు. ప్రశాంతంగా ఉన్న బిడ్డలో, మంచి తరంగంతో, సంఖ్య 90 కంటే తక్కువ చూపితే అది అత్యవసర స్థితి. ఆక్సిజన్ ఇచ్చే వసతి ఉన్నచోటికి తక్షణం చేర్చాలి. 90 నుంచి 94 మధ్య ఉంటే అదే రోజు వైద్యులకు చూపించాలి. సముద్రమట్టానికి చాలా ఎత్తైన ప్రదేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ సంఖ్య కొంత తక్కువగా ఉంటుంది కాబట్టి, అక్కడివారు బిడ్డ బాగున్నప్పుడే ఒకసారి కొలిచి రాసిపెట్టుకోవడం మంచిది. నిజానికి ఎక్కడున్నవారికైనా ఇది మంచి అలవాటే.

పరికరం మోసపోయే సందర్భాలు మరో రెండు ఉన్నాయి. ఒకటి రక్తహీనత: ఉన్న కొద్దిపాటి హీమోగ్లోబిన్ పూర్తిగా నిండి ఉంటే పరికరం 98 చూపుతుంది, కానీ శరీరానికి అందుతున్న మొత్తం ఆక్సిజన్ తక్కువే. రెండోది పొగ. కట్టెలు, బొగ్గు మండినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్ హీమోగ్లోబిన్‌కు అంటుకుంటే, ఈ తరహా పరికరం దానిని ఆక్సిజన్‌గానే పొరబడుతుంది. మూసిన గదిలో పొగ పీల్చిన బిడ్డ విషయంలో తెర మీది సంఖ్యను అసలు నమ్మకూడదు.

అలారం గురించి కొంచెం చెప్పాలి. సంఖ్య నిర్ణీత హద్దు కంటే తగ్గితే ఇది మోగుతుంది. రాత్రంతా పాప కాలికి చుట్టి ఉంచితే నిశ్చింతగా పడుకోవచ్చని ప్రచార పత్రంలో రాశారు. ఆచరణలో బిడ్డ కాలు కదిపిన ప్రతిసారీ, పట్టీ కొంచెం జారిన ప్రతిసారీ మోగి ఇల్లంతటినీ లేపింది. తప్పుడు మోతలకు అలవాటుపడిన చెవి నిజమైన మోతను కూడా పట్టించుకోకపోవడమే ఇందులోని ప్రమాదం. ఆరోగ్యంగా ఉన్న శిశువుకు నిద్రలో హఠాన్మరణం రాకుండా ఆపేందుకంటూ ఇలాంటి పరికరాలను ఇంట్లో తగిలించి ఉంచడాన్ని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా సిఫారసు చేయదు. వైద్యులు ప్రత్యేకంగా చెబితే తప్ప రాత్రంతా వాడవద్దు. గంటల తరబడి ఒకేచోట పట్టీ ఉంటే పసి చర్మం కందిపోతుంది కూడా.

అట్టపెట్టె మీది రక్షణ అన్న మాట దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఆ మాటను నమ్మి నిజమైన రక్షణను వాయిదా వేసే తల్లిదండ్రులు ఉంటారన్నది నా ఆందోళన. పసిపిల్లల్లో బ్యాక్టీరియా న్యుమోనియాకు అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యేది న్యుమోకాకస్. దానికి వందకు పైగా రకాలు ఉన్నాయి. ఎక్కువ హాని చేసే రకాలను ఎంచుకుని పసిబిడ్డల శరీరం స్పందించే విధంగా తయారుచేసిన కాంజుగేట్ టీకా 2000 సంవత్సరంలో మొదట అందుబాటులోకి వచ్చింది. ఏడు రకాలతో మొదలై ఇప్పుడు పది, పదమూడు, అంతకు మించిన రకాలకు విస్తరించింది. దీనిని దేశాల టీకా కార్యక్రమాల్లో చేర్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే సూచించింది. తర్వాతి ముఖ్యమైన బ్యాక్టీరియా హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి. దీనికీ టీకా ఉంది. తట్టు, కోరింత దగ్గు టీకాలను చాలామంది న్యుమోనియాతో కలిపి ఆలోచించరు గానీ, తట్టు వచ్చిన పిల్లల ప్రాణం తీసేది ఎక్కువగా న్యుమోనియానే. ఆరు నెలలు నిండాక ఫ్లూ టీకా వేయించవచ్చు. చంటిబిడ్డల శ్వాసనాళాలను దెబ్బతీసే వైరస్‌లలో మొదటిదైన ఆర్‌ఎస్‌వీకి చాలాకాలం ఏ టీకా లేదు. ఇప్పుడు గర్భం చివరి నెలల్లో తల్లికి వేసే టీకా, పుట్టాక బిడ్డకు ఇచ్చే నిర్సెవిమాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షను వచ్చాయి. అమెరికాలో రెండింటికీ 2023లో అనుమతి లభించింది. ఇవి దొరికే చోట వైద్యులను తప్పక అడగాలి.

టీకాలతో పాటు మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టడం, ఇంట్లో పొగ లేకుండా చూడటం అంతే ముఖ్యం. వంట పొగ పీల్చే ఇళ్లలో పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బుల ముప్పు దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సిగరెట్ పొగ కూడా అలాంటిదే, బయట తాగి వచ్చినవారి బట్టల్లోనూ దాని అవశేషాలు ఉంటాయి. జలుబు చేసిన పెద్దవాళ్లు చేతులు కడుక్కోకుండా చంటిబిడ్డను ఎత్తుకోకపోవడం, ముఖం మీద ముఖం పెట్టి ముద్దాడకపోవడం గురించి ఇంట్లో కొంచెం కటువుగా చెప్పాల్సి వచ్చినా చెప్పాలి. పాపకు రెండు నెలలు నిండేదాకా నేను అలాగే చెప్పాను, ఎవరూ తప్పు పట్టలేదు.

ఈ పరికరంతో పాటు అమ్మకందారులు అంటగట్టజూసే వస్తువుల మీద ఎక్కువ రాయను. నెబ్యులైజరు మందును ఆవిరిలా మార్చి లోపలికి పంపే సాధనం మాత్రమే. వైద్యులు మందు రాయనప్పుడు దానితో పని లేదు. దగ్గు మందులు పసిపిల్లలకు మేలు చేయవు, కొన్ని మగత తెప్పించి హాని చేస్తాయి. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించకూడదు, అందులో ఉండగల బాక్టీరియా బీజాల వల్ల బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు మాత్రం నిజంగా పనికొస్తాయి. నెలల పిల్లలు ప్రధానంగా ముక్కుతోనే గాలి పీలుస్తారు కాబట్టి ముక్కు మూసుకుపోతే పాలు కూడా తాగలేరు. చుక్కలు వేసి ముక్కు శుభ్రం చేశాక ఊపిరి లెక్కపెడితే లెక్క కూడా సరిగ్గా వస్తుంది.

ఎవరు కొనాలి అంటే, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, గుండెలో లోపం ఉన్న బిడ్డ, తరచూ ఆయాసంతో ఆసుపత్రిలో చేరే బిడ్డ ఉన్న ఇళ్లకు, అలాగే ఆక్సిజన్ వసతి ఉన్న ఆసుపత్రి చాలా దూరంలో ఉన్నవారికి ఇది తప్పక ఉండదగినది. అయితే ఏ సంఖ్య దగ్గర ఏం చేయాలో బిడ్డను చూసే వైద్యులతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి, ముఖ్యంగా గుండె లోపం ఉన్న పిల్లల్లో మామూలు సంఖ్యలే వేరుగా ఉండవచ్చు. ఆరోగ్యంగా పెరుగుతున్న బిడ్డ, దగ్గరలో మంచి ఆసుపత్రి ఉన్నవారికి ఇది తప్పనిసరి కాదు. ఇంకా వేయించాల్సిన టీకా ఏదైనా మిగిలి ఉంటే దీనికి పెట్టే డబ్బు ముందు దానికే వెళ్లాలి.

అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి పరికరం పనితీరుకు కాదు, రక్షణ అన్న ప్రచారానికి, చర్మం రంగు గురించి మౌనం వహించిన పుస్తకానికి. తయారీదారులకు ఒక విన్నపం: ఇందులో ఇప్పటికే గడియారం ఉంది కాబట్టి, ఒక మీట నొక్కితే నిమిషం లెక్కపెట్టి మోగే సదుపాయాన్ని కూడా చేర్చండి. ఆరోగ్య కార్యకర్తలు వాడే ఊపిరి లెక్కించే టైమర్లు చేసే పని అదే. పరికరం వెనుక 60, 50, 40 అన్న మూడు హద్దులను వయసులతో సహా ముద్రించండి. అలాగే పట్టీ సెన్సరు కొంతకాలానికి సాగిపోయి వదులవుతుంది, మాదీ అప్పుడే జారడం మొదలైంది. విడి పట్టీని పెట్టెలోనే ఇవ్వండి.